దుంగ మీద సుత్తి ముద్ర, చేతిలో క్యూఆర్ పాసు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో పట్టా భూమి గట్టున పెరిగిన టేకు ఎవరిదో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. చట్టం లెక్క వేరు. 1927 నాటి భారత అటవీ చట్టం రెండో సెక్షన్ ప్రకారం కలప ఎక్కడ పెరిగినా, అడవి నుంచి వచ్చినా రాకపోయినా, అటవీ ఉత్పత్తే. అది ప్రభుత్వానిదా కాదా అన్న పేచీ వస్తే, కాదని రుజువయ్యేదాకా ప్రభుత్వానిదే అనుకోవాలని 69వ సెక్షన్ చెబుతుంది. అంటే తన చెట్టు తనదేనని నిరూపించుకునే బరువు రైతు మీదే ఉంది.

అటవీ సిబ్బంది దుంగ మీద సుత్తితో కొట్టే గుర్తు సుత్తి ముద్ర, దుంగను తరలించడానికి ఇచ్చే అనుమతి రవాణా పాసు. రెండూ ఈ అనుమానంలోంచి పుట్టినవే. పాసులు, యజమాని ముద్ర నమోదు, డిపోలు, చెక్‌పోస్టులు, ఇలా అన్నింటి మీదా రూల్స్ పెట్టే అధికారాన్ని 41వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. చెట్టు కొట్టడానికి అనుమతి, కొట్టాక దుంగల పొడవు, చుట్టుకొలత లెక్క, నంబర్లు, ముద్ర, ఆ తర్వాతే పాసు. దొంగ ముద్ర వేసినా, ఉన్న ముద్రను చెరిపేసినా 63వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. గోండు రైతు అయితే తన పొలంలోని చెట్లు అమ్ముకోవడానికి మహారాష్ట్రలో 1969 నుంచి విడిగా ఇంకో చట్టమే ఉంది. వ్యాపారులు ఆదివాసీలను మోసం చేయకుండా తెచ్చిన చట్టం అది. ఉద్దేశం మంచిదే, కానీ తిరగాల్సిన ఆఫీసులు పెరిగాయి.

ఇదంతా తీసి పారేయమనడం లేదు. ఇదే జిల్లాలోని ఆలపల్లి అడవుల టేకుకు ఎంత గిరాకీ ఉందో చెప్పక్కర్లేదు. 2023లో అయోధ్య రామాలయానికి పక్క జిల్లా చంద్రపూర్‌లోని బల్లార్షా కలప డిపో నుంచే టేకు వెళ్లింది. అంత విలువైన అడవి పక్కన ముద్ర లేకపోతే, రాత్రి అడవిలో కొట్టిన దుంగ తెల్లారేసరికి పట్టా దుంగ అయిపోతుంది. ఒకే పాసు మీద రెండు మూడు లోడ్లు తోలడం ఈ వ్యాపారంలో పాత ఎత్తే.

ఆ ఎత్తుకు విరుగుడుగానే కేంద్రం జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానం తెచ్చింది. 2020లో మధ్యప్రదేశ్, తెలంగాణల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023 డిసెంబర్‌లో దేశమంతటికీ విస్తరించారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, పాసు మీద క్యూఆర్ కోడ్, రాష్ట్రాలు దాటినా అదే పాసు. పర్మిట్ అక్కర్లేని చెట్ల జాతులకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు. గోదావరికి అవతల కాళేశ్వరం, ప్రాణహితకు అవతల మంచిర్యాల జిల్లా ఉన్న సరిహద్దు వాళ్లకు ఇది పెద్ద ఊరటే. ఇవతల కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, అవతల సిబ్బంది చదివేది తెలుగు. పర్లాకిమిడి, రాయగడ వైపు ఒడియాతోనూ ఇదే తంటా. క్యూఆర్ కోడ్‌కు ఆ ఇబ్బంది లేదు.

అయితే ఫోన్ బాగుచేసింది రోడ్డు మీది పనినే. మోడు దగ్గర జరగాల్సిన పని అలాగే ఉంది. సిబ్బంది వచ్చి చూసి, కొలిచి, ముద్ర వేయకపోతే ఆన్‌లైన్ దరఖాస్తు అయినా కదలదు. ఈలోగా దుంగలు ఎండకు పగులుతాయి, వానకు నానుతాయి. అందుకే చిన్న రైతులు చాలామంది నిలబడ్డ చెట్టునే వ్యాపారికి అమ్మేసి చేతులు దులుపుకుంటారు. ఆఫీసుల టెన్షన్ వ్యాపారిది, దాంతోపాటు లాభంలో పెద్ద వాటా కూడా అతనిదే.

నా ఉద్దేశంలో తనిఖీ గట్టిగా జరగాల్సింది మోడు దగ్గరే, అదీ గడువులోగా. అడవి దుంగలను పట్టా దుంగల్లో కలిపేసిన వాణ్ని చెక్‌పోస్ట్‌లో పట్టుకోవడం కష్టం. పాసులో రాసిన లెక్క లారీలో సరిగ్గానే ఉంటుంది. మోళ్లు లెక్కపెడితే మాత్రం దొరికిపోతాడు. 2025 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నిబంధనలు దాదాపు ఈ దారిలోనే ఉన్నాయి. తోటను ముందే పోర్టల్‌లో నమోదు చేయాలి, పది చెట్ల లోపైతే ఫొటోలు పెడితే చాలు, అంతకు మించితే వచ్చి చూస్తారు. కాకపోతే నమూనా నమూనానే, రాష్ట్రం ఒప్పుకుని తన రూల్స్‌లో రాసుకుంటేనే అమలు.

వెదురు సంగతి చూస్తే ఇదేమీ జరగని పని కాదని తెలుస్తుంది. 2011లో గడ్చిరోలి జిల్లా మేంఢా లేఖా గ్రామసభ చేతికే వెదురు రవాణా పాసుల పుస్తకం వచ్చింది. 2017లో చట్టాన్నే సవరించి, పొలాల్లో పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. టేకుకు అంత వెసులుబాటు కుదరదు, అడగనూ కూడదు. మహారాష్ట్ర చేయగలిగింది చిన్నదే: సాత్‌బారాలో (అక్కడి భూమి రికార్డు) నమోదైన టేకుకు సిబ్బంది గడువులోగా రాకపోతే, మోడు, దుంగల ఫొటోలు కొలతలతో సహా అప్‌లోడ్ చేసి రైతే పాసు తీసుకోవచ్చని ఒక వాక్యం చేర్చడం. తర్వాత వచ్చి మోళ్లు లెక్కపెట్టుకునే అధికారం శాఖకు ఎలాగూ ఉంటుంది, మోడు ఎక్కడికీ పోదు.