నడుస్తోందిగా గారికి ఒక మెకానిక్ ఉత్తరం

శ్రీయుత నడుస్తోందిగా గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనా అని అడగనక్కర్లేదు. మిషన్ సర్వీసింగ్ మాట ఎత్తితే "నడుస్తోందిగా" అని దాటేసే ప్రతి ఓనర్ నోట్లోనూ మీరే ఉన్నారు. హైదరాబాద్‌లో బాలానగర్ షెడ్ల నుంచి ఆటోనగర్ దాకా లారీలు కడిగే ప్రతి చోటా దర్శనమిస్తూనే ఉన్నారు. నేను వేడినీళ్ల ప్రెషర్ వాషర్లు బాగుచేసుకుని బతికేవాణ్ని. మీ దయవల్ల నాలుగు వేళ్లూ నోట్లోకి వెళ్తున్నాయి, పిల్లల ఫీజులు టైముకు కడుతున్నాను. ఆ రుణం ఒక్కసారైనా కాగితం మీద పెట్టాలనిపించింది.

మిషన్ కొన్న కొత్తలో మీకు లోపలికి ప్రవేశం ఉండదు. డీజిల్ బర్నర్ భగ్గున వెలిగి, మంట చుట్టూ తిరిగే చుట్టల గొట్టం, అదే కాయిల్, అందులో నీళ్లు 80 డిగ్రీలు దాటి, 150 బార్ ప్రెషర్‌తో గన్‌లోంచి దూకుతుంటే, చాసిస్‌కు ఏళ్లుగా పట్టిన గ్రీజు కరిగి కారిపోవడం చూసి ఓనర్ వీడియో తీసుకుంటాడు. మాన్యువల్ మాత్రం ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి రాదు. వచ్చినా, చలికాలంలో పంపులో నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేయాలో అందులో శ్రద్ధగా రాసి ఉంటుంది. మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టేది ఫ్రిజ్‌లో ఒక్కచోటే.

కొత్త పంపుకు మొదటి ఆయిల్ సాధారణంగా 50 గంటలకే మార్చమంటారు. సరిగ్గా ఆ రోజునే మీరు గేటు తీసుకుని లోపలికొస్తారు. ఇక కదలరు. కొన్నాళ్లకు పంపులో నీళ్లను ఆయిల్‌లోకి రానివ్వకుండా ఆపే సీల్ అరిగి, రెండూ కలుస్తాయి. పంపు పక్కన గుండ్రటి గాజుబిళ్లలోంచి చూస్తే ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో ఉంటుంది. "ఆయిల్ మార్చాలి భాయ్" అంటే, "లెవెల్ మంచిగనే ఉంది గదన్నా, జర ఎక్కువే ఉంది" అంటారు. ఎక్కువ ఎందుకుందో అడగరు.

అయినా మీ అసలు పనితనమంతా కాయిల్లోనే ఉంది. హైదరాబాద్ రాతినేల మీద కట్టిన ఊరు. ఆ రాళ్ల సందుల్లోంచి తోడిన బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. మంజీర, కృష్ణా నీళ్లు నయమే గానీ, నల్లా నీళ్లతో లారీలు కడగడం అయ్యే పని కాదు. సర్వీసింగ్ సెంటర్లకు బోరే దిక్కు. ఎండాకాలం అదీ ఎండితే ట్యాంకర్. ఈ నీళ్లు చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటాయి. వేడెక్కగానే అందులో కరిగి ఉన్న బైకార్బొనేట్ విడిపోయి, సున్నపు పొరగా మారి గొట్టం లోపలి గోడకు పట్టుకుంటుంది. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ మీద తెల్లటి పెచ్చులు కడతాయే, అదే. రాడ్ కళ్లెదుట ఉంటుంది కాబట్టి గీకుతాం. కాయిల్ డ్రమ్ములోపల చుట్టలు చుట్టుకుని ఎవరికీ కనిపించకుండా ఉంటుంది. మీకు అంతకన్నా సుఖమైన కాపురం ఎక్కడ దొరుకుతుంది?

పొర మందమయ్యేకొద్దీ మంట వేడి నీళ్లదాకా చేరదు. ఓనర్ థర్మోస్టాట్ ఇంకాస్త పైకి తిప్పుతాడు. డీజిల్ తాగడం పెరుగుతుంది. దారి ఇరుకై గన్ దగ్గర ఫోర్స్ తగ్గితే ప్రెషర్ స్క్రూ బిగిస్తాడు. పంపు సీళ్లు పోతాయి. చివరికి నీళ్ల చల్లదనం తగలని చోట ఇనుము కాలికాలి చిల్లు పడుతుంది. అప్పుడు నా ఫోన్ మోగుతుంది. "అన్నా, నిన్నటిదాకా మస్తుగ నడిసింది!" ఆ మాట చెవిన పడగానే నేను రాణిగంజ్‌లో కొత్త కాయిల్ రేటు కనుక్కోవడం మొదలుపెడతాను.

ఒకాయన ఇంట్లో జుట్టు రాలుతోందని బోరుకు సాఫ్టెనర్, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం తీసేసే మిషన్, పెట్టించుకున్నాడు. షాపులో మిషన్‌కు మాత్రం అదే బోరు, నేరుగా. మిషన్‌కు జుట్టు లేదు కాబట్టి అక్కర్లేదన్న సలహా మీదే అయి ఉంటుంది.

అలాగని మిషన్‌కు ఏ సేవా జరగడం లేదంటే కళ్లు పోతాయి. దసరా ఉంది కదా! ఆ రోజు బూజు దులిపి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కు నిమ్మకాయలు కడతారు. నాకు ఆ నిమ్మకాయల్ని చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది. కాయిల్లో సున్నాన్ని కరిగించడానికి మేం వాడే మందుల్లో నిమ్మ ఉప్పు ఒకటి. కిరాణా కొట్లో దొరికేదే. గోరువెచ్చటి నీళ్లలో కలిపి కాయిల్లో తిప్పితే లోపల బుసబుసమని నురగలొస్తాయి. ఆ పొంగు ఆగేదాకా తిప్పి, తేటనీళ్లతో బాగా కడిగేస్తే చాలు. కావలసిన పులుపు గుమ్మందాకా వచ్చి, దారంతో హ్యాండిల్‌కు వేలాడి, ఎండి రాలిపోతుంది. లోపలికి మాత్రం పోదు. దిష్టి తగలకుండా మీరు కాపలా కాస్తున్నారు మరి.

సాయంత్రాల సంగతి కూడా చెప్పాలి. పని అయ్యాక బర్నర్ ఆపి, గన్ నొక్కిపట్టి రెండు మూడు నిమిషాలు చల్లనీళ్లు పోనిస్తే కాయిల్ చల్లబడుతుంది. "ఉత్తగ నీళ్లు ఎందుకు దండుగ?" అంటూ మెయిన్ స్విచ్ కొట్టేస్తారు. లోపల మిగిలిన నీళ్లు ఆ వేడికి మరిగి, వాటి వాటా సున్నం అవి పెట్టి పోతాయి.

ఇక పొగ. నల్లగా వస్తే గాలి చాలక డీజిల్ సరిగా కాలడం లేదని, తెల్లగా వస్తే డీజిల్ మండకుండానే వెళ్లిపోతోందని లెక్క. ఫిల్టర్లో చెత్తో, మంట రాజేసే ఎలక్ట్రోడ్ల మీద మసో, బర్నర్ నాజిల్ అరుగుదలో అయి ఉంటుంది. పక్క బిల్డింగు వాళ్లు గొడవ పెట్టుకునేదాకా అది మీ దృష్టిలో పొగే కాదు.

ఇంతవరకూ మన స్నేహానికి లోటు లేదు. ఒక్కచోట మాత్రం మీతో నాకు పడదు. నీళ్లు రాకపోతే బర్నర్‌ను ఆపేందుకు ఫ్లో స్విచ్ ఉంటుంది. అది మొరాయిస్తే మార్చకుండా, రెండు వైర్లు కలిపి టేపు చుట్టేస్తున్నారు. ట్యాంకు ఖాళీ అయినా మంట మాత్రం మండుతూనే ఉంటుంది. పైగా వేలు నొప్పి పుడుతోందని గన్ ట్రిగ్గర్‌కు తాడు కట్టేస్తున్నారు. చేయి జారిందంటే ఆ గొట్టం నేల మీద ఎటు కొట్టుకుంటుందో ఎవరికీ తెలీదు. దాన్ని పట్టుకునేది మీరూ కాదు, ఓనరూ కాదు. హవాయి చెప్పులేసుకున్న కుర్రాడు. ఆ ధార దగ్గరినుంచి తగిలితే చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గాటే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది. పసుపు అద్ది ఊరుకునే గాయం కాదది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అందుకని మొన్నటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ మిషన్ దగ్గరికెళ్లినా ముందు ఆ తాడు కోసేసి, ఫ్లో స్విచ్ వైర్లు విడదీసి, ఆ తర్వాతే మిగతా పని. బిల్లులో కొత్త స్విచ్‌తోపాటు కుర్రాడికి ఒక జత గంబూట్లు కూడా రాస్తున్నాను. బేరమాడేవాళ్లు కాయిల్ దగ్గర ఆడుకోవచ్చు, బూట్ల దగ్గర తగ్గను. కాయిల్, సీళ్లు, నాజిల్, ఆయిల్ ఎప్పటిలాగే మీ ఏలుబడిలోనే ఉంటాయి. వాటి జోలికి నేను రాను.

ఇట్లు,
మీ మీద ఆధారపడిన
ఒక మెకానిక్

తా.క.: ఏడాది సర్వీస్ కాంట్రాక్టు మాట ఎత్తినప్పుడల్లా "ఏమన్న అయితే పిలుస్త తియ్" అని మీరు అనిపిస్తున్నారు. నాకు అభ్యంతరం లేదు. ఆదివారం పిలిస్తే డబుల్ చార్జీ.