ఎర్రబడింది, ఇంకేం కావాలి?

వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయలు పుల్లగా లేవని మా అక్క, ఇంకెంత పుల్లగా ఉండాలని మా బావ. సీసా మీద నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లమని ఉంది, చట్టం ప్రకారం కూడా 3.75కి తగ్గకూడదు, అయినా కొట్టువాడు నీళ్లు కలిపాడనే అక్క పట్టు. ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఇలాంటి గొడవలు "పక్కనే ఆంధ్రాలో, పాతపట్నంలో కొనుక్కోవాల్సింది" అనే మాటతో చల్లారిపోతాయి. ఈసారి ప్లస్ టూ చదివే మేనల్లుడు మధ్యలో దూరి, "టైట్రేషన్ చేసి తేల్చేస్తా మామయ్యా" అన్నాడు. అంటే, ఎంత క్షారం పోస్తే ఆమ్లం విరుగుతుందో చూసి ఆమ్లం ఎంతుందో లెక్కకట్టడం.

సారుని బతిమాలి ల్యాబ్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం (0.1 నార్మల్ గాఢతది) ఓ చిన్న సీసాడు తెచ్చాడు గానీ, ఆమ్లం విరిగిందని రంగు మారి చెప్పే ఫినాఫ్తలీన్ దొరకలేదు. పసుపు చాలన్నాడు. నిజమే, ఆమ్లంలో దాని రంగు మారదు, క్షారం కాస్త ఎక్కువైతే చాలు ఎర్రబడుతుంది. క్షారాన్ని కొలిచి చుక్కలుగా వదిలే బ్యూరెట్ బదులు సూది లేని సిరంజి. 10 మి.లీ. వెనిగర్‌లో నీళ్లు పోసి 100 చేసి, అందులోంచి 10 గాజుగ్లాసులోకి తీసి చిటికెడు పసుపు వేశాడు. సీసా మీద రాసింది నిజమైతే 6.7 మి.లీ. క్షారం పడ్డాక ఎర్రబడాలట, నీళ్లు కలిపి ఉంటే ఇంకా ముందే.

5 దాటింది, 6 దాటింది. చుక్క పడ్డ చోట ఎర్రటి చార మెరుస్తుంది, గ్లాసు తిప్పగానే మాయమవుతుంది, మాకందరికీ ఒకటే టెన్షన్. 6.2 దగ్గర ఆపి, రంగు సరిగ్గా తెలియాలంటే అడుగున తెల్లకాగితం ఉండాలని వాడు లోపలికి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడూ మరదలూ చంటాడితో బరంపురం నుంచి దిగారు, మేమంతా వీధిలోకి వెళ్లాం.

దారంతా ఏడుస్తూనే ఉన్నాడని విని మా అమ్మ ఎర్రనీళ్ల కోసం లేచింది. బల్ల మీద గ్లాసులో పసుపునీళ్లు! "కలిపినవాళ్లు సున్నం మర్చిపోయారు" అని గొణుక్కుంటూ తమలపాకుల డబ్బాలోంచి గోటితో ఇంత సున్నం తీసి అందులో వేసి తిప్పింది. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. చంటాడికి దిష్టి తీసి వీధిలో పారబోసింది. వాడు వెంటనే ఊరుకున్నాడు కూడా, అదొకటి.

"అమ్మమ్మా, నా గ్లాసేదీ?"

"ఎర్రబడాలనే కదరా పొద్దుట్నించీ కూర్చున్నావు? ఎర్రబడింది. ఇంకేం కావాలి?"

మళ్లీ చేద్దామంటే, గిన్నెలో మిగిలిన 90 మి.లీ.తో అక్క అప్పటికే కుళాయి మీది తెల్లమరకలు తోమేసింది, పైగా మరకలు పూర్తిగా పోలేదు కాబట్టి నీళ్లు కలిపినట్టేనని తీర్పు కూడా ఇచ్చేసింది. పాపం వాడు అమ్మమ్మ చేత అంతే సున్నం మళ్లీ తీయించి వంటింటి కాటా మీద పెట్టాడు, కాటా కదల్లేదు. చివరికి నోటుబుక్కులో రాసుకున్నాడు: 6.2 మి.లీ. + అమ్మమ్మ గోరంత సున్నం.