టాంజియర్ తిరుగుబాటు: గోడు వినని దర్బారు

క్రీ.శ. 740లో మొరాకో ఉత్తర కొసన ఉన్న టాంజియర్ పట్టణం ఉత్తర ఆఫ్రికా స్థానిక జాతి అయిన బెర్బర్ తిరుగుబాటుదారుల వశమైంది. వాళ్ల నాయకుడు మైసరా అల్ మత్‌గరీ. అప్పటి ఖలీఫాల వంశమైన ఉమయ్యద్‌ల తరఫున ఊరిని ఏలుతున్న ఉమర్ అల్ మురాదీని చంపేశారు. దీన్ని అరబ్బులపై జాతి తిరుగుబాటనో, ఖలీఫాలను ధిక్కరించిన ముస్లిం శాఖ ఖారిజీల బోధకులు పెట్టిన చిచ్చనో తేల్చేస్తుంటారు. నా లెక్కలో ఇది ముందుగా పన్నుల గొడవ.

బెర్బర్లు అప్పటికే ముస్లింలు. 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టిన సైన్యంలో అత్యధికులు వాళ్లే. అయినా మురాదీ వాళ్లను ఓడిన శత్రువుల కింద జమకట్టి ఐదో వంతు వసూలుకు దిగాడు. ఇప్పటి ట్యునీషియాలోని ఖైరవాన్‌లో ఉన్న అతని పైఅధికారి ఇబ్న్ అల్ హబ్‌హాబ్‌కేమో ఖలీఫా రాజధాని డమాస్కస్ మెప్పు కావాలి.

తిరగబడే ముందు మైసరా కొందరిని వెంటబెట్టుకుని ఖలీఫా హిషామ్ దగ్గరికే వెళ్లాడని పాతకాలపు చరిత్రకారుడు తబరీ రాసిన చరిత్ర చెబుతుంది. దర్శనం దొరకలేదు. యుద్ధంలో మమ్మల్ని ముందు నిలబెడతారు, కొల్లసొమ్ము దగ్గర పక్కన పెడతారు, అందమైన ఆడపిల్లల్ని పట్టుకుపోతారు అన్నది వాళ్ల ఫిర్యాదు. ఇంకొకటి ఉంది. ఖలీఫాకు గొర్రెపిల్లల తెల్లని తోళ్లు కావాలని చూలు గొర్రెల కడుపులు చీలుస్తున్నారట, ఒక్క తోలు కోసం వెయ్యి గొర్రెలు! ఇదంతా ఖలీఫాకు తెలిసే జరుగుతోందా అని అడిగారు. చేతిలో డబ్బులైపోయేదాకా పడిగాపులు కాసి, పేర్లు చీటీల మీద రాసిచ్చి వెనుదిరిగారు. తిరుగుబాటు పక్షం వాళ్లెవరో ఈ కథకు మెరుగులు దిద్ది ఉండొచ్చు. గొర్రెల సంగతి మాత్రం ఊరికే అల్లినట్టు అనిపించదు.

అదనూ కలిసొచ్చింది. ఖైరవాన్ కేంద్రంగా ఉన్న ఇఫ్రికియా రాష్ట్ర సైన్యంలో పెద్ద భాగం అప్పుడు సిసిలీ దండయాత్రలో ఉంది.

మరి ఖారిజీ సిద్ధాంతం చేసిందేమీ లేదా? ఉంది. అరబ్బు కాని భక్తుడైనా ఖలీఫా కావచ్చన్న ఖారిజీల మాట బెర్బర్లకు ధైర్యమిచ్చింది, మైసరా ఆ బిరుదూ పెట్టుకున్నాడు. కానీ కొద్ది కాలానికే సొంతవాళ్లే అతన్ని చంపేశారు. అయినా పోరు ఆగలేదు. ఖాలిద్ అల్ జనాతీ నాయకత్వంలో అరబ్బు ప్రముఖుల సేనను మట్టుపెట్టారు. 741లో సెబూ నది దగ్గర హిషామ్ పంపిన సిరియా సైన్యాన్నీ చిత్తు చేశారు. నాయకుడు పోయినా వేల మంది నిలబడ్డారంటే, వాళ్లను కదిలించింది ఒక మనిషి మాటలే అనుకోలేం.

742లో ఖైరవాన్‌ను ఉమయ్యద్‌లు ఎలాగో కాపాడుకున్నారు. మొరాకో మాత్రం మళ్లీ ఏ తూర్పు ఖలీఫా పాలన కిందకీ రాలేదు.