దుబాయ్ ట్రేడ్‌మార్క్ ఆరు గల్ఫ్ దేశాల్లోనూ చెల్లుతుందా? చెల్లదు

"దుబాయ్‌లో ఒక్కసారి ట్రేడ్‌మార్క్ తీసుకుంటే చాలు, ఆరు గల్ఫ్ దేశాల్లోనూ మీ బ్రాండ్‌కి రక్షణ. జీసీసీ అంతా ఒకే చట్టం, ఒకే మార్కెట్." గల్ఫ్‌లో చిన్న వ్యాపారం పెట్టాలనుకునే మనవాళ్లకు ఈ మెసేజ్ తెగ ఫార్వర్డ్ అవుతోంది. దీన్ని నమ్మి పచ్చళ్లో, మసాలా పొడులో అమ్మడం మొదలుపెట్టేవాళ్లు మోసపోతారు, అందుకే రాస్తున్నాను.

ముందు "ఒకే చట్టం" సంగతి. జీసీసీకి, అంటే సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లున్న గల్ఫ్ సహకార మండలికి, ఉమ్మడి ట్రేడ్‌మార్క్ చట్టం ఉంది, కువైట్ 2015లో, సౌదీ 2016లో, ఖతార్ 2023లో దాన్ని అమల్లోకి తెచ్చాయి కూడా. కానీ అది నియమాలను ఒకేలా చేసింది తప్ప రిజిస్ట్రేషన్‌ని ఒకటి చేయలేదు. ఏ దేశం ఆఫీసు ఆ దేశానిదే, ఎవరి ఫీజు వాళ్లది, ఒక చోట ఒప్పుకున్న పేరును ఇంకో చోట తిరస్కరించవచ్చు. పైగా దుబాయ్ ఉన్న యూఏఈ 2021లో తన సొంత ట్రేడ్‌మార్క్ చట్టమే తెచ్చుకుంది. ఒక్క దరఖాస్తుతో అన్ని దేశాలకూ హక్కు వచ్చేది యూరోపియన్ యూనియన్‌లో. గల్ఫ్‌లో అలాంటి ఏర్పాటు లేదు.

మరి ఈ మాట ఎక్కడ పుట్టింది? బహుశా పేటెంట్ల (కొత్త ఆవిష్కరణల మీద హక్కుల) దగ్గర. రియాద్‌లోని జీసీసీ పేటెంట్ ఆఫీసు 1998 నుంచి దరఖాస్తులు తీసుకునేది, అది ఇచ్చిన పేటెంట్ నిజంగానే ఆరు దేశాల్లోనూ చెల్లేది. అయితే 2021 జనవరిలో ఆ పద్ధతిలో కొత్త దరఖాస్తులు ఆపేశారు. పాతవి మాత్రం గడువు దాకా చెల్లుతాయి.

"ఒకే మార్కెట్" కూడా సగం నిజమే. 2003 నుంచి కస్టమ్స్ యూనియన్ ఉంది, అంటే బయటి సరుకు మీద ఆరు దేశాల్లోనూ ఒకే సుంకం, మామూలుగా 5 శాతం. 2008 నాటి ఉమ్మడి మార్కెట్‌లో ఉద్యోగం, ఆస్తి, వ్యాపారం విషయాల్లో సమాన హక్కులు ఆ దేశాల పౌరులకే, వీసా మీద వెళ్లిన మనకు కాదు. వ్యాట్ చూడండి, సౌదీలో 15 శాతం, యూఏఈలో 5, ఖతార్‌లో అసలు లేదు. 2021లో సౌదీ, సాటి గల్ఫ్ దేశాల ఫ్రీ జోన్లలో (పన్ను రాయితీలుండే ప్రత్యేక వ్యాపార ప్రాంతాల్లో) తయారైన సరుకుకు సుంకం రాయితీ కూడా తీసేసింది.

ఇక ఈ దేశాల మధ్య మేధోహక్కుల (ట్రేడ్‌మార్క్, కాపీరైట్ లాంటివాటి) సహకారం ఎంత గట్టిదో తెలియాలంటే బీఇన్ కేసు చూడాలి. ఖతార్‌కి చెందిన ఆ స్పోర్ట్స్ చానెళ్ల ప్రసారాలను బీఅవుట్‌క్యూ అనే పైరసీ సంస్థ దొంగిలించి చూపిస్తుంటే, ఖతార్ సాటి జీసీసీ దేశమైన సౌదీ మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాల్సి వచ్చింది. బీఅవుట్‌క్యూ మీద సౌదీ క్రిమినల్ చర్యలు తీసుకోకపోవడం మేధోహక్కుల మీద ఆ సంస్థకున్న ట్రిప్స్ ఒప్పందానికి విరుద్ధమని 2020 జూన్‌లో దాని విచారణ ప్యానెల్ తేల్చింది.

మీ బ్రాండ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉంటే, లేదా కనీసం దరఖాస్తు పెట్టి ఉంటే, ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడిగే మాడ్రిడ్ అనే అంతర్జాతీయ పద్ధతి ద్వారా ఇక్కడి నుంచే యూఏఈ, ఒమన్, బహ్రెయిన్, ఖతార్‌లకు అడగవచ్చు. అందులో కూడా కావాల్సిన ప్రతి దేశాన్నీ విడిగా ఎంచుకుని, విడిగా ఫీజు కట్టాలి.