ఇంటర్వ్యూ కుర్చీ గారికి

మహారాజశ్రీ టీవీ ఇంటర్వ్యూ కుర్చీ గారికి,

ఏళ్ల తరబడి మీ ఎదుట కళ్లప్పగించి కూర్చున్న ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరు కూడా మెత్తటి దిండుతో, పక్కన చిన్న బల్లతో, బల్ల మీద నీళ్ల గ్లాసుతో క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఆ గ్లాసు సంగతి చివర్లో అడుగుతాను.

ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. 2013 జనవరిలో సైకిల్ పందేల వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీ ఒడిలో కూర్చున్నప్పుడు రెండు భాగాలూ చూశాను. యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే అవునా కాదా చెప్పమంది. నిషిద్ధ మందులు వాడావా? అవును. ఎర్ర రక్తకణాలు పెంచే ఈపీవో? అవును. రక్తం ఎక్కించుకున్నావా? అవును. గెలిచిన ఏడు టూర్ డి ఫ్రాన్స్‌లలోనూ? అవును. టకటకా పడుతున్న ఆ అవునులు విని, "ఎంతైనా గుండె ఉన్నవాడు, ఒప్పుకున్నాడు" అని పైకే అనేశాను. పక్కనున్నవాళ్లు సాక్షులు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది, ఆయన చెప్పినవన్నీ అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ యూసాడా మూడు నెలల ముందే బయటపెట్టేసింది. వెయ్యికి పైగా పేజీలు, 26 మంది సాక్షులు, అందులో 11 మంది ఆయన పక్కన సైకిల్ తొక్కిన సొంత జట్టువాళ్లు. అప్పటికే టైటిళ్లు పోయాయి, స్పాన్సర్లు పోయారు. ఇల్లంతా సోదా చేసి, సొమ్ము వీధిలో కుప్ప పోశాక, దొంగ వచ్చి "మీకో రహస్యం చెప్పనా" అన్నట్టుంది. ఆ రహస్యానికి మీరు రెండు రాత్రులు కేటాయించారు.

తెలియనిది అడిగిన చోట ఏమైందో గుర్తుందా? 1996లో ఆస్పత్రి గదిలో డాక్టర్ల ముందు ఆయన మందుల సంగతి చెప్పాడని పాత జట్టువాడి భార్య బెట్సీ ఆండ్రూ ప్రమాణం చేసి చెప్పింది. నిజమేనా అని అడిగితే దాని జోలికి రానన్నాడు. ఏళ్ల పాటు ఆమెను పిచ్చిదాని కింద జమకట్టిన మనిషి, ఈ మధ్య ఫోన్ చేసి మాట్లాడానంటూ, లావుగా ఉన్నావని మాత్రం ఎప్పుడూ అనలేదని చమత్కరించాడు. మీరు కనీసం కిర్రుమనలేదు! అప్పట్లో "మోసం" అన్న మాటకు డిక్షనరీలో అర్థం వెతికితే తాను చేసింది దాని కిందికి రాలేదని కూడా సెలవిచ్చాడు. ఇక 2009, 2010లలో తిరిగొచ్చి తొక్కినప్పుడు శుద్ధంగానే ఉన్నాడట. ఆ రోజుల నాటి రక్తం లెక్కలు సహజంగా అలా రావడానికి పది లక్షల్లో ఒక వంతు కూడా అవకాశం లేదని యూసాడా నిపుణుడు అప్పటికే రాసి పెట్టాడు. పాపం ధర్మరాజు, అసలు మాట దగ్గర గొంతు తగ్గించాల్సి వచ్చింది. ఈయనకు ఆ అవస్థ కూడా లేదు, మధ్యలో ప్రకటనలు వచ్చేస్తాయిగా.

బేస్‌బాల్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ అయితే మీకు పాత ఖాతాదారు. 2007 డిసెంబరులో టీవీ యాంకర్ కేటీ కూరిక్ అడిగితే స్టెరాయిడ్లు ఎప్పుడూ వాడలేదన్నాడు. 2009 ఫిబ్రవరిలో, పరీక్ష ఫలితం పత్రికకెక్కాక, ఇంకో చానెల్లో కూర్చుని 2001 నుంచి 2003 దాకా వాడానన్నాడు. అప్పుడు చిన్నవాణ్ణి, తెలివితక్కువవాణ్ణి అన్నాడు. "లేదు" అన్నప్పుడూ ఆయన కళ్లలోకి చూశాను, "అవును" అన్నప్పుడూ చూశాను. తేడా కనిపెట్టగలిగితే ఈ ఉత్తరం రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు. ఆ తర్వాత మరో మందుల గొడవలో 2014 సీజన్ మొత్తం ఆయన ఆటకు దూరమయ్యాడు.

మీ దగ్గర అందరూ వల్లించే మంత్రం ఒకటుంది: "ఇన్ని పరీక్షలు చేశారు, ఒక్కదాంట్లోనూ దొరకలేదు." యాంకర్ తల ఊపుతారు. అలా ఊపే బదులు, ఆ మందును పట్టే పరీక్ష అప్పటికి ఉందా అని అడిగితే సొమ్మేం పోయింది? ఒలింపిక్స్‌లో ఈపీవో పరీక్ష మొదలైందే 2000లో. టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్ ఒకటుందన్న సంగతే ప్రయోగశాలలకు తెలియదు. 2003లో ఒక కోచ్ వాడేసిన సిరంజి పంపితే, అందులో మిగిలిన చుక్కల నుంచి లాస్ ఏంజెలెస్‌లో డాన్ కాట్లిన్ బృందం దాని గుట్టు విప్పింది. ఆ మందు పంచిన విక్టర్ కాంటే 2004లో టీవీలో పరుగుల రాణి మారియన్ జోన్స్ పేరు చెబితే, ఆమె 2.5 కోట్ల డాలర్లకు పరువునష్టం దావా వేసింది. 2007లో కోర్టులో ఒప్పుకుని 2000 సిడ్నీ ఒలింపిక్స్ పతకాలు ఐదూ తిరిగిచ్చేసింది. అది కూడా, తనకిచ్చింది అవిసె నూనె అనుకున్నానన్న మాటతో కలిపి. ఫెడరల్ అధికారులకు అబద్ధం చెప్పినందుకు ఆరు నెలల జైలు పడింది. మీకు చెబితే ఏం పడుతుంది? మంచి లైటు పడుతుంది.

నన్ను మరీ అనుమానపు పీనుగ అనుకోకండి. టెన్నిస్ ఆటగాడు రిషార్ గాస్కే 2009లో, ముద్దు వల్ల కొకైన్ ఒంట్లోకి వచ్చిందన్నప్పుడు పడీపడీ నవ్వాను. క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం మాత్రం దొరికిన మోతాదు ఎంత, అది ముద్దుతో రాగలదా అని చూసి, నమ్మి వదిలేసింది. అదే కథ మీ దగ్గర చెప్పి ఉంటే నాబోటివాళ్లం నవ్వి నవ్వి అతన్ని ముగించేసేవాళ్లం. నిజంగా ఏ పాపమూ ఎరగనివాడు కూడా మీ మీదే కూర్చుంటాడు, అలాగే గొంతు జీరబోతుంది, అక్కడే కెమెరా దగ్గరికొస్తుంది. కన్నీటిలో మైక్రోగ్రాములు కొలిచే యంత్రం మీ రెండు చేతుల్లో ఏ చేతిలోనూ లేదు.

ఇక గ్లాసు సంగతి. 1988 ఒలింపిక్స్‌లో పరుగు వీరుడు బెన్ జాన్సన్ పట్టుబడగానే వినబడిన మాట, ఎవరో పానీయంలో కలిపారని. మరుసటి ఏడు విచారణ సంఘం ముందు ప్రమాణం చేశాక గానీ అసలు సంగతి బయటికి రాలేదు. డోపింగ్ పరీక్ష గదిలో ఈ ఆటగాళ్లు ఎంత జాగ్రత్తో మీకు తెలుసా? సీలు తీయని సీసాలు వరసగా పెడితే, వాటిలో ఒకటి తామే ఎంచుకుని, తామే మూత తీసుకుని తాగుతారు. అంతటి జాగ్రత్తపరులు మీ దగ్గరికొచ్చేసరికి, చిక్కు ప్రశ్న పడగానే, బల్ల మీద మూత లేకుండా ఉన్న గ్లాసు అందుకుని గటగటా తాగేస్తారు.

ఇంతకీ అందులో నీళ్లు ఎవరు పోస్తారండీ?

ఇట్లు,
రిమోట్ ఇంకా చేతిలోనే ఉన్న
మీ ప్రేక్షకుడు