వార్త తెచ్చే చేత్తోనే యాడ్ తెమ్మంటే

దసరా దగ్గర పడిందంటే తెలంగాణ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌లలో తెలుగు పత్రికలకు రాసే విలేకరుల ఫోన్లు తెగ మోగుతుంటాయి. ఊళ్లో ఏం జరిగిందని అడిగేవాళ్లు తక్కువ, ఎంత వచ్చిందని అడిగేవాళ్లు ఎక్కువ. ఫలానా తేదీలోగా ఇంత యాడ్ కట్టాలి, లేదంటే ఆ ఊరికి ఇంకొకరిని చూసుకుంటాం అంటారు. ఈ మాట ఎవరూ కాగితం మీద రాసివ్వరు, ఫోన్‌లోనే చెబుతారు. జర్నలిజంలో విలువలు పడిపోయాయని సభల్లో బాధపడే పెద్దలు ముందు ఈ ఫోన్ గురించి మాట్లాడాలి.

నాందేడ్ జిల్లా అంచున ఉన్న ఈ చిన్న పట్టణాల్లో యాడ్ ఇవ్వగలిగేది ఎవరు? మిర్చి వ్యాపారులు, ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్ హోంలు, స్థానిక నాయకులు, మంజీరా ఇసుక కాంట్రాక్టర్లు. విలేకరి రాయాల్సిన వార్తల్లో సగం వీళ్ల మీదే ఉంటాయి. నాకు బాగా తెలిసిన ఒక విలేకరి ఇసుక లారీల మీద మూడు పేరాల వార్త పంపాడు. ఏ రేవు నుంచి తోడుతున్నారు, లారీలు ఏ దారిన సరిహద్దు దాటుతున్నాయి, తహసీల్ ఆఫీసులో ఏమన్నారు, అన్నీ రాశాడు. అచ్చయింది ఒక్క పేరా. 'కొందరు అక్రమార్కులు ఇసుక తరలిస్తున్నారని స్థానికులు ఆరోపిస్తున్నారు' అని. రేవు లేదు, దారి లేదు, ఆఫీసు జవాబు లేదు. స్థలం చాలక తగ్గించారో, కావాలనే కోశారో మనం తేల్చలేం. కానీ అదే వారం అతను శుభాకాంక్షల యాడ్ బిల్లు వసూలుకు ఆ కాంట్రాక్టర్ గుమ్మం ముందే నిలబడాల్సి వచ్చింది. వచ్చేసారి అతను రేవు పేరు రాస్తాడని ఆశించడం అన్యాయం.

ఆ విలేకరికి జీతం లేదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి నెలకు చేతికొచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. నాలుగు డబ్బులు కనిపించేది యాడ్ కమీషన్‌లోనే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, ఎవరికి జర్నలిజమే ప్రధాన వృత్తో వాళ్లనే లెక్కలోకి తీసుకునేది; 2025లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. అందుకే కంట్రిబ్యూటర్ల (ఇలా జీతం లేకుండా రాసే విలేకరుల) దగ్గర 'నాకు వేరే ఆదాయం ఉంది, ఇది తీరిక వేళల్లో చేసే పని' అని రాయించుకునే అలవాటు వచ్చింది. 2011లో కేంద్రం నోటిఫై చేసిన మజీఠియా బోర్డు సిఫార్సు చేసిన పత్రికా సిబ్బంది వేతనాలను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాటి ఊసు కూడా ఈ చివరి మనిషి దాకా రాలేదు.

పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వార్తలా అచ్చేసే ప్రచారం, అనే మాట దేశమంతా మార్మోగింది కూడా ఈ జిల్లా వల్లే. 2009 అక్టోబరు అసెంబ్లీ ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్ నాందేడ్ జిల్లా భోకర్ నుంచి గెలిచారు. ఒకదానితో ఒకటి పోటీపడే మూడు మరాఠీ పత్రికల్లో ఆయనను పొగుడుతూ ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా వచ్చిందని జర్నలిస్టు పి. సాయినాథ్ ద హిందూలో బయటపెట్టారు. పత్రికా ప్రకటనలకు ఆ అభ్యర్థి చూపిన ఖర్చు 5,379 రూపాయలు. ఖర్చుల లెక్క సరిగా చూపలేదని 2014 జులైలో ఎన్నికల సంఘం తేల్చింది, సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పాఠకుడి ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. మూడు ఆఫీసుల్లో ముగ్గురు మనుషులకు ఒకే వాక్యాలు ఎలా తట్టాయి?

పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్ మీద 2009లోనే ఉపసంఘం వేసింది. అందులో ఇద్దరే, పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి. ఇది ఒకరిద్దరు విలేకరుల అవినీతి కాదు, ఒక పద్ధతి ప్రకారం సాగుతున్న వ్యాపారం అని వాళ్లు 71 పేజీల్లో పత్రికల పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ ఆ నివేదికను పక్కనపెట్టి, పేర్లు తీసేసిన చిన్న నివేదికను బయటికి వదిలింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ కౌన్సిల్ అసలుది బయటపెట్టలేదు. నాకు ఈ ఘట్టం అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. విలేకరి మీద ఫిర్యాదు వస్తే మర్నాడే తీసేస్తారు. యాజమాన్యాల పేర్లు వచ్చేసరికి నైతిక నియమావళి రాసిన సంస్థే వెనకాడింది. అయినా ఆ కౌన్సిల్ చేయగలిగేది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. జరిమానా వేసే అధికారం లేదు. టీవీ ఛానళ్లు దాని పరిధిలోకే రావు.

సరిహద్దులో డబ్బు కాక ఇంకో ఒత్తిడి కూడా ఉంది. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాభ్లీ బ్యారేజి ధర్మాబాద్ తాలూకాలోనే, శ్రీరాంసాగర్‌కు ఎగువన ఉంది. 2010 జులైలో ఆ బ్యారేజిని చూడడానికి వచ్చిన చంద్రబాబు నాయుడిని, తెలుగుదేశం నాయకులను ఇక్కడే అరెస్టు చేశారు. తెలుగు పేపర్లలో ఆ బ్యారేజి మన నీళ్ల దోపిడీ, మరాఠీ పేపర్లలో దాన్ని అడ్డుకోవడం మా తాగునీటి మీద దాడి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు 2.74 టీఎంసీల ఆ బ్యారేజికి అనుమతిస్తూనే ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలని చెప్పింది. ధర్మాబాద్‌లో తెలుగు మాట్లాడే రైతు పొలానికి కావాల్సింది ఆ బ్యారేజి నీళ్లే. విలేకరి మేనమామదే ఆ పొలం కావచ్చు. అతని వార్త చదివేవాళ్లు మాత్రం నిజామాబాద్‌లో ఉంటారు. అతను ఇక్కడి రైతు మాట పంపితే, మనవాళ్లకు నచ్చదని ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ తీసేస్తుంది. కోపం రగిలించే నాలుగు ముక్కలు పంపితే ఫస్ట్ పేజీ. ఇలా రెండేళ్లు జరిగితే ఎంత నిజాయితీ ఉన్న మనిషైనా ఏది పంపితే అచ్చవుతుందో అదే పంపుతాడు.

జర్నలిజం, పీఆర్ కోర్సులు చేసే పిల్లలకు నైతికత అంటే డబ్బుల కవర్ తీసుకోకండి అని చెప్పి వదిలేస్తున్నారు. అది చెప్పాల్సిందే. కానీ మీ ఉద్యోగ షరతుల్లో యాడ్ టార్గెట్ ఉందా అని మొదటి రోజే అడగమని ఎవరూ నేర్పరు. యాడ్ వసూలుకు జిల్లాకో మనిషిని వేరుగా పెట్టడం పెద్ద పత్రికలకు మోయలేని ఖర్చేమీ కాదు. కంట్రిబ్యూటర్ పంపిన వార్తలో పేరు, చోటు తీసేస్తే ఎందుకు తీసేశారో డెస్క్ అతనికి రాసి చెప్పాలి. ఎన్నికలప్పుడు అభ్యర్థుల దగ్గరికి పెయిడ్ న్యూస్ ప్యాకేజీ మాట్లాడమని విలేకరిని పంపకూడదు. 2009లో పెయిడ్ న్యూస్ మీద ముందుగా గొంతెత్తిన వాళ్లలో తెలుగు జర్నలిస్టుల యూనియన్ ఉంది. ఆ పోరాట వారసులమని చెప్పుకునే సంఘాలు ఇప్పుడు సరిహద్దు అవతల రాస్తున్న తెలుగు కంట్రిబ్యూటర్లకూ సభ్యత్వం ఇచ్చి, టార్గెట్ల రద్దును యాజమాన్యాల ముందు మొదటి డిమాండ్‌గా పెట్టాలి.