పక్క మార్చే చార్టు గారికి బహిరంగ లేఖ

వృద్ధాశ్రమంలో మంచం కాళ్ల వైపు కొక్కేనికి వేలాడుతూ, కదల్లేని మనిషిని ఏ వేళకు ఏ పక్కకు తిప్పారో లెక్క రాసుకునే మహారాజశ్రీ పక్క మార్చే చార్టు గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని దూరం నుంచే తెలుస్తోంది. ఒక్క గడీ ఖాళీ లేదు. రాత్రి పదికి ఎడమ, పన్నెండుకి వెల్లకిలా, రెండుకి కుడి, నాలుగుకి మళ్లీ ఎడమ. అన్నిటికీ ఒకే పెన్ను, ఒకే ఊపులో గీకిన సంతకం. మంచం మీదున్న పెద్దావిడ నడుము చివర లేచిన ఎర్రమచ్చ మాత్రం ఈ లెక్క ఒప్పుకోవడం లేదు.

ఆ మచ్చను వేలితో కాసేపు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడలేదంటే బెడ్‌సోర్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి లేచే పుండు, మొదటి దశకు వచ్చేసినట్టే. దాన్ని రుద్ది మర్దన చేస్తే ఇంకా చెడుతుంది. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కాబట్టి చుట్టుపక్కల చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా అని తాకి చూడాలి. తమరిలో ‘చర్మం బాగుంది’ అని టిక్కు పెట్టే గడి ఉంది. దానికి కళ్లతో, చేతులతో పనిలేదు.

‘ఎడమ’ అన్న ఒక్క మాట చాటున తమరు ఎంత దాచేస్తారో! పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడో కొత్త పుండు మొదలవుతుంది. వీపు వెనక దిండు దన్ను పెట్టి 30 డిగ్రీలు ఒరిగిస్తే చాలు. ఆ తర్వాత నడుము కింద చెయ్యి దూర్చి, చివరి ఎముక పరుపుకు ఆనడం లేదని చూసుకోవాలి. దిండు పిక్కల కింద ఉండాలి, మడమలు గాలిలో తేలాలి. మడమల కిందే దిండు పెట్టేవాళ్లు పుండుకు మెత్తటి ఆసనం వేస్తున్నారన్నమాట.

కిందికి జారిన మనిషిని ఒక్కరే చంకల్లో చేతులేసి పైకి ఈడిస్తే చర్మం దుప్పటిని పట్టుకుని అక్కడే ఆగుతుంది, లోపల ఎముక మాత్రం కదులుతుంది. మధ్యలో రక్తనాళాలు సాగి నలిగిపోతాయి. అందుకే ఒంటి కింద వేసి జరిపే జారుడు షీటు, ఇద్దరు మనుషులు కావాలి. రాత్రి డ్యూటీలో రెండో మనిషే లేని అంతస్తులోనూ తమరి గడులు నిండుతున్నాయంటే అది తమరి మహిమే.

తమరి బంధువు గాలి పరుపు గారి సంగతి సరేసరి. పంపు మీటను మనిషి బరువుకు తగ్గట్టు తిప్పాలి. ఎవరో తుడుస్తూ చివరిదాకా తిప్పేస్తే ఆయన బల్లచెక్క అయిపోతారు. పైన ప్లాస్టిక్ షీటు, నాలుగు మడతల దుప్పటి, ఒకదాని మీద ఒకటి రెండు డైపర్లు వేశాక, కింద గాలి అరలు వంతులవారీగా ఎంత ఉబ్బి తగ్గినా ఒంటికి ఏం తెలుస్తుంది? పైగా ‘పరుపు ఉందిగా’ అని పక్క మార్చడమే మానేస్తారు.

అసలు ఆ రెండు గంటలు బ్రహ్మ రాసినవేమీ కావు. కొందరికి గంటకే చర్మం కందుతుంది. మంచి ఫోమ్ పరుపు మీద మరికొందరు ఎక్కువసేపు ఓర్చుకోగలరు. ఎవరికెంతో తేల్చడానికే, పుండు పడే ముప్పును మార్కుల్లో కొలిచే బ్రేడెన్ స్కేలు లాంటివి ఉన్నాయి. అందులో మార్కులు 6 నుంచి 23 వరకు, 18కి దిగితే ప్రమాదం. చేరిన రోజు వేసిన మార్కే ఇప్పటికీ ఫైల్లో ఉంది. తిండి తగ్గి నెలలో ఒంటి బరువులో 5 శాతం పోయినా ఆ అంకె కదల్లేదు. పగలంతా కుర్చీలో కూర్చోబెట్టిన గంటలకైతే తమరిలో గడే లేదు. కూర్చున్నప్పుడు పిరుదుల మీద ఒత్తిడి పడుకున్నప్పటికన్నా ఎక్కువ మరి.

తనిఖీకి వచ్చేవారు తమరిని ఫొటో తీసుకుని, టీ తాగి వెళ్తారు. దుప్పటి ఎత్తి చూసేవారు అరుదు.

కాబట్టి మనవి ఒకటే. ముందే అచ్చేసిన ఆ టైములు చెరిపేయించుకోండి. తిప్పినవాళ్లు తిప్పినప్పుడే 2:17 అనో 4:40 అనో రాసుకుంటారు. ‘తోడు లేక తిప్పలేదు’, ‘కుడి మడమ కందింది’ అని రాయడానికి కాస్త జాగా వదలండి. ఆ ముక్క రాసినవారికి మర్నాడు మెమో అందకుండా మేనేజరు గారితో తమరే మాట్లాడాలి.

ఇట్లు,
తమరి వెనక అట్ట మీద నిలువునా పడుకునే పెన్ను